పగటి నిద్ర

మూడోసారి తలుపు కొట్టేదాకా లోరీన్ అది కలలో చప్పుడే అనుకుంది. కలలో ఆమె ఇంకా లాండ్రీలోనే ఉంది. ఆసుపత్రి దుప్పట్లు ఒకదాని వెనక ఒకటి వేడి రోలర్ల కిందికి పోతున్నాయి, రోలరు తిరిగినప్పుడల్లా టకటకమంటోంది. నాలుగోసారికి కళ్ళు తెరిచింది. కిటికీ అద్దానికి అంటించిన వెండికాగితం అంచుల్లోంచి ఎండ సూదుల్లా దిగుతోంది. పక్కన కూతురు డెలనీ లేదు.

"తీయకే! డెలనీ, తలుపు తీయకు!"

అప్పటికే తీసేసింది. వేడిగాలీ, రోడ్డు మీద లారీల హోరూ, ఒక పెద్ద నవ్వూ కలిసి గదిలోకి వచ్చాయి. గుమ్మంలో నీలం బనియన్లు వేసుకున్న నలుగురు నిలబడి ఉన్నారు. అందరి గుండెల మీదా ఒకే చర్చి పేరు. ముందున్న కుర్రాడికి ముప్పై ఏళ్ళుంటాయి. చెమటలు కారిపోతున్నా నవ్వు మాత్రం చెదరలేదు.

"గుడ్ మార్నింగ్ అండీ! కేలెబ్ క్రీక్ బాప్టిస్ట్ చర్చి నుంచి వచ్చాం. నా పేరు ట్రెంట్. నిద్ర లేపేశామా ఏంటి?"

"లేపారు."

"అయ్యో, క్షమించండి" అన్నాడు కానీ కదల్లేదు. "ఒక్కటంటే ఒక్క ప్రశ్న. ఇవాళ మీ ప్రాణం పోతే ఎక్కడికి వెళ్తారో మీకు తెలుసా?"

లోరీన్ తలుపు చెక్కకి తల ఆనించింది. "ఎక్కడికైనా సరేనండీ. అక్కడ గదికి తలుపు లేకపోతే చాలు."

నీలం బనియన్లు నవ్వలేదు. వెనకాల ఐసుపెట్టె మోస్తున్న ఒక ముసలావిడ మాత్రం పెట్టె ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది. ఆవిడ పెదవుల చివర ఏదో కదిలినట్టయింది. డెలనీ అప్పుడే ఆ పెట్టెలోంచి నారింజ రంగు ఐసుపుల్ల ఒకటి తీసుకుని చీకుతోంది.

ట్రెంట్ ప్రార్థన చేశాడు. మంచి ప్రార్థనే, కాస్త పొడుగు. ఆమె పేరు అడిగి తెలుసుకుని ప్రార్థనలో మూడుచోట్ల పెట్టాడు. తరవాత ఒక సంచీ చేతికిచ్చాడు. అందులో బ్రెడ్డు, వేరుశెనగ వెన్న సీసా, డబ్బా చికెన్ ఉన్నాయి. లోరీన్ తీసుకుంది. తీసుకోకుండా ఉండే రోజులు కావవి, ఆ సంచీ రాకపోతే వారం చివర పిల్లకి పెట్టడానికి వెతుక్కోవాలి. అందుకే వాళ్ళ మొహం మీద తలుపు వేయలేదు. అదే ఆమెకి మరింత మంటగా ఉంది.

హాలీహాక్ మోటెల్లో దారినపోయేవాళ్ళు దిగడం మానేసి చాలాకాలమైంది. వారం వారం అద్దె కట్టుకుంటూ, ఇల్లు దొరకనివాళ్ళు పిల్లాపాపలతో ఒక్కో గదిలో కాపురం ఉంటున్నారు. ఈతకొలనుని కంకరతో పూడ్చేశారు. నాక్స్‌విల్ పోయే పాత రోడ్డు పక్కన, రక్షించాల్సిన ఆత్మలన్నీ వరసగా తలుపులేసుకుని ఒకేచోట దొరుకుతాయి కాబట్టి చుట్టుపక్కల చర్చిలన్నిటికీ ఆ చోటంటే ప్రీతి. ఒకరోజు వీళ్ళు, మర్నాడు గిటార్లవాళ్ళు, ఆ మర్నాడు బొమ్మలాటవాళ్ళు. డెలనీకి ఈ వేసవిలో రెండుసార్లు బాప్తిస్మం అయింది. రెండోసారి ఎందుకే అని అడిగితే, "ఆ చర్చిలో నీళ్ళు వెచ్చగా ఉంటాయమ్మా" అంది.

నీలం బనియన్లు పక్క గది తలుపు కొట్టడం వినిపించింది. లోరీన్ మంచం మీద పడి కళ్ళు మూసుకుంది. ఫ్యాను తిరుగుతోంది. నిద్ర రాలేదు. సాయంత్రం దాకా పైకప్పు మీది తడి మరక చూస్తూ పడుకుని, లేచి మొహం కడుక్కుని, డెలనీని ఓ కంట కనిపెట్టమని పక్క గదివాళ్ళకి చెప్పి పనికి పోయింది.

*

ఆ రాత్రి ఇస్త్రీ యంత్రం దగ్గర ఆమె నిలబడే కునుకు తీసింది. ఇద్దరు మనుషులు చెరో మూలా పట్టుకుని, తడి దుప్పటిని సాగదీసి, రోలరు అంచుకి అందించాలి. ఒకరి చెయ్యి ఆలస్యమైతే బట్ట వంకరపోతుంది. లోరీన్ చెయ్యి వదలడం ఆలస్యమైంది. చొక్కా చేతి అంచు దుప్పటితోపాటే లోపలికి పోబోయింది. అవతలి మూల ఉన్న జ్యూయెల్ కేక పెట్టి, ఎర్ర కడ్డీ మీద మోకాలితో గుద్దింది. యంత్రం ఆగింది. చెయ్యి దక్కింది, మణికట్టు దగ్గర తోలు మాత్రం ఎర్రగా పొంగింది. సూపర్‌వైజరు తిట్టలేదు. "ఇంకోసారైతే నిన్ను ఇక్కడ ఉంచలేను లోరీన్. చెయ్యి పోయాక నువ్వు నన్ను తిట్టుకునేకంటే ఇప్పుడు తిట్టుకోవడమే నయం" అన్నాడు.

పొద్దున్నే గదికి రాగానే ఒక అట్టపెట్టె మూత చింపి డెలనీ ముందు పెట్టింది.

"నీ రంగు పెన్నులు తియ్యి. నేను చెప్పింది రాయి. రాత్రి డ్యూటీ. పగలు నిద్ర. తలుపు కొట్టొద్దు."

డెలనీ నాలుక బయటపెట్టి, ఒక్కో అక్షరం ఒక్కో రంగులో రాసింది. "ఎవరూ కొట్టకూడదా?"

"ఎవరూ."

"డ్వైట్?"

"డ్వైట్ కూడా."

"దేవుడు కొడితేనో?"

"దేవుడైనా సరే. పడుకోనీ నన్ను."

"అది కూడా రాయనా?"

"రాసుకో తల్లీ, ఏదో ఒకటి రాసుకో" అంటూనే లోరీన్ దిండులో మొహం పెట్టేసింది.

డెలనీ ఆ అట్టని తలుపుకి బయట అంటించింది. ఆ రోజు గిటారు చర్చి వంతు. వాళ్ళు తలుపు కొట్టలేదు. కంకర కొలను పక్కన మైకు పెట్టారు. మైకులో గిటారు, గిటారు మీద పాట, పాటకి చప్పట్లు. గోడ మీద వేలాడే అద్దం సన్నగా అదిరింది. లోరీన్ చెవుల్లో తడిపిన కాగితం ముక్కలు కుక్కుకుంది. ఆఖరికి లేచి, చెప్పులు కూడా లేకుండా కాలే సిమెంటు మీద ఆఫీసుకి నడిచింది. మేనేజరు డ్వైట్ గాజుపలక వెనక కూర్చుని ఉడికించిన వేరుశెనక్కాయలు ఒలుచుకుంటున్నాడు.

"డ్వైట్, ఆ మైకు ఆపించు."

"దేవుడి పాటలు లోరీన్."

"దేవుడికి చెవుడా? మైకెందుకు?"

డ్వైట్ నవ్వాడు. తరవాత ఆమె మొహం చూసి నవ్వు ఆపేశాడు. "నువ్వన్నది నిజమే. కానీ ఓనరు మాటేంటో తెలుసా? చర్చి బండి గుమ్మంలో ఉన్నరోజు పోలీసు బండి రాదంటాడు. నేనేం చెయ్యను చెప్పు? తిను, ఉప్పు సరిపోయింది."

"నాకు కాయలొద్దు."

"పోనీ మా చెల్లెలు ఏవో నిద్రమాత్రలు…"

"నాకు మాత్రలూ వద్దు" అని లోరీన్ అరిచింది. ఆ అరుపుకి మైకు దగ్గర చప్పట్లు కొడుతున్న ఇద్దరు ఆడవాళ్ళు తిరిగి చూశారు. మాత్రలు అన్న మాట ఎంతదూరం వినిపించిందో ఆమె అప్పుడు ఆలోచించలేదు.

*

బుధవారం ఆమెని లేపింది చప్పుడు కాదు, గుసగుసలు. చాలామంది ఒకేసారి గొంతు తగ్గించి మాట్లాడుతుంటే వచ్చే, ఈగల గుంపులాంటి రొద. తలుపు గొళ్ళెం తీసి సందులోంచి చూసింది. నీలం బనియన్లు ఈసారి ఏడెనిమిది ఉన్నాయి. గుమ్మం ముందు మోకాళ్ళ మీద కూర్చుని, తలలు వంచి, ఒకరి భుజాల మీద ఒకరు చేతులేసుకుని ప్రార్థిస్తున్నారు. ట్రెంట్ అరచెయ్యి ఆమె తలుపు మీదే ఉంది.

"ఏం జరుగుతోందిక్కడ?"

ట్రెంట్ లేచాడు. అతని మోకాళ్ళకి కంకర పొడి అంటుకుంది. కళ్ళలో నిజంగానే నీళ్ళున్నాయి. "మాకు కోపం లేదు లోరీన్‌గారూ. దేవుణ్ణి కూడా రావొద్దని తలుపు మీద రాశారంటే లోపల ఎంత గాయం ఉందో మాకు తెలుసు."

"అది నేను రాయలేదు. మా పిల్ల రాసింది."

"పిల్ల చేత రాయించారా?" వెనకాల ఎవరో నిట్టూర్చారు.

"అయ్యా, నేను రాత్రంతా పనిచేసి వచ్చాను. నాకు నిద్ర కావాలి. అంతే. గాయం లేదు, ఏమీ లేదు."

అతను దగ్గరికి జరిగి గొంతు తగ్గించాడు. "మేము తప్పు పట్టడానికి రాలేదు. మధ్యాహ్నం దాకా లేవలేకపోవడం, పిల్ల ఒక్కతే బయట తిరగడం… చూశాం. నిన్న ఆఫీసు దగ్గర మాత్రల గురించి గొడవైందని కూడా విన్నాం. మా చర్చిలో ఆ అలవాటు మానినవాళ్ళు పదిమంది ఉన్నారు. వాళ్ళూ మీలాగే మొదట కాదన్నారు." ఒక కార్డు అందించాడు. దాని మీద తెగిన గొలుసు బొమ్మ ఉంది.

లోరీన్‌కి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక ఒంట్లో రక్తం అంతా మొహానికి ఎక్కింది. చొక్కా చేతులు పైకి లాగి రెండు చేతులూ ముందుకి చాపింది. "చూడండి! ఇవీ నా అలవాట్లు. ఇది పోయినేడాది కాలింది. ఇది మొన్న రాత్రి. రోలరు వాత ఇది!"

ట్రెంట్ చూశాడు. అయితే అతని కళ్ళు మణికట్టు దగ్గర ఆగలేదు. మోచేతి మడతలోకి, సూది గుర్తులుండే చోటుకి పోయాయి. చాలా మర్యాదగా పోయి, మర్యాదగానే వెనక్కి వచ్చాయి. లోరీన్ చేతులు దించేసింది. ఇక ఎంత చెప్పుకున్నా లాభం లేదని ఆ ఒక్క చూపుతోనే ఆమెకి తెలిసిపోయింది.

"పిల్ల గురించి శిశు సంరక్షణ చూసే ప్రభుత్వంవాళ్ళకి చెప్పాల్సిన పరిస్థితి రాకూడదనే మా ప్రార్థన కూడా" అన్నాడతను. బెదిరించాలని కాదు, బాధపడుతూనే అన్నాడు. "నిజమైన విశ్రాంతి ప్రభువు దగ్గరే దొరుకుతుందండీ."

"ప్రభువు దగ్గర దొరుకుతుందేమో, మీ దగ్గర మాత్రం దొరకట్లేదు!" అంది లోరీన్. "ఏం కావాలి ఏం కావాలి అని వారం వారం అడుగుతారు. చెబితే వినరు. బ్రెడ్డు అడగలేదు, ఇచ్చారు. పాట అడగలేదు, పాడారు. అడిగింది ఒక్కటే. నోరు మూసుకుని పొండి! ఆ ఒక్కటీ మీ బండిలో లేదు!"

డెలనీ ఆమె నడుముని గట్టిగా పట్టుకుంది. అప్పుడు వెనకాల ఐసుపెట్టె మీద కూర్చున్న ముసలావిడ నోరు తెరిచింది. ఆమె పేరు ఓపల్. మోకాళ్ళు వంగవు గనక ఆవిడ ప్రార్థన అప్పుడు కూడా అందరితో కిందికి దిగలేదు.

"ఏ వేళకి పడుకుంటావే తల్లీ?"

"ఏడింటికి!" అని లోరీన్ తిట్టినట్టుగా అరిచి, తలుపు వేసేసింది.

*

గురువారం పొద్దున లోరీన్ తిరిగొచ్చేసరికి ఆమె గుమ్మం ముందు మడతకుర్చీ వేసుకుని ఓపల్ కూర్చుని ఉంది. అదే నీలం బనియను, కింద పూల పావడా, ఒళ్ళో ఇత్తడి గిన్నె, కాళ్ళ దగ్గర గోనెసంచీ నిండా చిక్కుడుకాయలు. చర్చి బండి ఆవిణ్ణి దించి, తక్కినవాళ్ళకోసం వెళ్ళినట్టుంది.

"ఇదేంటి, ఇప్పుడు కాపలా కూడా పెట్టారా?" అంది లోరీన్. "నా గదికి ఎవరొస్తారో, మాత్రలెవరు తెస్తారో చూడ్డానికా?"

"నువ్వు లోపలికి పో."

"ఈ ఊళ్ళో నా ఖర్మ ఇలా ఏడిసింది."

"ఏడిస్తే ఏడిసింది, లోపలికి పో. నీతో నాకేం పనిలేదు. కాయలు ఈనెలు తీసుకోవాలి, మా ఇంట్లో ఎండ సరిగ్గా పడదు." ఓపల్ ఒక కాయ కొన విరిచి, ఈనె బారుగా లాగి, కాయని మూడు ముక్కలు చేసి గిన్నెలో వేసింది. "పిల్ల లేస్తే నా దగ్గరికి పంపు. చేతికి పని చెప్తాను."

లోరీన్ తలుపు వేసుకుంది. నిద్రకి బదులు కోపం వచ్చింది. ముసలావిడ ఇప్పుడు కొడుతుంది, అప్పుడు కొడుతుంది, ఒక పాంప్లెట్ తలుపు కింద నుంచి తోస్తుంది అని చెవులు రిక్కించి పడుకుంది. బయట కాయలు విరిగే పుటుకు పుటుకు తప్ప ఏమీ లేదు. కాసేపటికి డ్వైట్ గొంతు వినిపించింది, తువ్వాళ్ళు మార్చాలట. "రేపు" అంది ఓపల్. తరవాత ఎవరో ఆడమనిషి ఉచితంగా బైబిలు ఇస్తామంది. "మాకున్నాయి. నీ కాళ్ళకి దణ్ణం పెడతా, మెల్లగా నడువు" అంది ఓపల్. లోరీన్‌కి నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే ఎక్కడో మునిగిపోయింది.

మళ్ళీ మెలకువ వచ్చేసరికి వెండికాగితం అంచున ఎండ అటుపక్కకి మారిపోయి ఉంది. బయట ట్రెంట్ మాట్లాడుతున్నాడు. కోపంగా కాదు, అలిసిపోయి.

"పొద్దున్నించీ ఇక్కడే ఉన్నారా సిస్టర్? ఆమెతో ఏమైనా మాట్లాడారా?"

"లేదు."

"సువార్త చెప్పారా?"

"నిద్రపోతోంది ట్రెంట్ బాబూ."

"నాకు తెలుసు. కానీ నేను చర్చి నడిపే డీకన్లకి ఏమని చెప్పుకోను? ఈ మోటెల్ పని ఆపేద్దామని వాళ్ళు ఎప్పట్నించో అంటున్నారు. ఎంతమంది మారారు, ఎంతమంది చర్చికొచ్చారు అని నన్ను నిలదీస్తారు. ఒక మనిషి గుమ్మం ముందు కూర్చుని చిక్కుళ్ళు విరిచిందని చెప్పనా?"

"చెప్పు. నిజమేగా."

"బండిలో ఉన్నవి పన్నెండు సీట్లు. పని చేసేవాళ్ళకే చాలట్లేదు." అన్నాడు ట్రెంట్. "రేపటినుంచి మీరు ఇంట్లోనే విశ్రాంతి తీసుకోండి. ఈ ఎండ మీకు మంచిది కాదు కూడా."

బయట కాయలు విరిగే చప్పుడు ఆగిపోయింది. తలుపు తీయాలని లోరీన్ అనుకుంది. తీసి ఏం చెయ్యాలి? నిన్న అరిచింది చాలలేదా? ఇంకో మాట తూలితే పిల్ల మాట మళ్ళీ ఎత్తుతారేమో. దుప్పటి పిడికిట్లో పట్టుకుని అలాగే పడుకుంది. లేచి తలుపు తీసేసరికి కుర్చీ లేదు, బండీ లేదు. డెలనీ మాత్రం గిన్నెడు విరిచిన చిక్కుళ్ళు గుండెకి హత్తుకుని నిలబడి ఉంది.

ఆ రాత్రి రోలరు దగ్గర ఒక్క దుప్పటి వంకరపోలేదు. "ఏంటి, ఇవాళ మనిషిలా ఉన్నావ్?" అంది జ్యూయెల్. లోరీన్ ఇంకో దుప్పటి మూల అందుకుంది. చిక్కుళ్ళు తిన్నది, నిద్రపోయింది, తలుపు మాత్రం తీయలేదు. అదే లోపల గుచ్చుకుంటోంది.

*

శుక్రవారం గుమ్మం ముందు ఎవరూ లేరు. ఉండరని తెలుసు. అయినా మలుపు తిరగ్గానే ఆమె కళ్ళు అటే పోయాయి. 'ఒక్కరోజు ముచ్చట' అనుకుంది. తెలిసినవాళ్ళ మీదైనా, తెలియనివాళ్ళ మీదైనా ఆశ పెట్టుకోవడం తన తప్పేనని తిట్టుకుంటూ పడుకుంది. ఎందుకో ఆ రోజు ఎవరూ కొట్టలేదు. మధ్యాహ్నం తనంతట తనకే మెలకువ వచ్చింది. ఆ నిశ్శబ్దమే వింతగా తోచి లేచింది.

తలుపు తీస్తే ఓపల్ ఉంది. డ్వైట్ ఆఫీసు ప్లాస్టిక్ కుర్చీలో వాలిపోయి, ఒక చెప్పు విడిచేసి, మొహం బీట్‌రూటులా కందిపోయి ఉంది. డెలనీ అట్టముక్కతో విసురుతోంది.

"మాట్లాడొద్దని నాతో ఒట్టు వేయించుకుందమ్మా" అంది డెలనీ గుసగుసగా. "నీళ్ళు ఇస్తానంటే తలుపు చప్పుడవుతుంది వద్దంది."

"ఎలా వచ్చారు?" లోరీన్ ఆవిడ ముందు కూలబడింది. "బండి లేదుగా?"

"బస్సు." ఓపల్ నాలుక తడారిపోయి ఉంది. "పెద్ద కూడలి దాకానే వస్తుందంట వెధవది. అక్కణ్ణించి నడిచాను. ఏడింటికే వద్దామనుకున్నా, కాళ్ళు పడనివ్వలేదు. నువ్వు పడుకున్నావా?"

"పడుకున్నాను."

"ఎవరైనా లేపారా?"

"లేదు. మీకేమైనా పిచ్చా? ఈ ఎండలో, రోడ్డు పక్కన, లారీల మధ్య… నేనడిగానా మిమ్మల్ని?" లోరీన్ డెలనీ చేతిలోంచి అట్టముక్క లాక్కుని గబగబా విసరసాగింది. "ఒక్కళ్ళు కూడా నా మాట వినరు కదా! లేవండి. లేవండి ముందు."

చంకల కింద చేతులు వేసి లేపింది. మనిషి బరువే. తడి దుప్పట్ల మూట ఎత్తినట్టే నడుము ఆనించి, ఒక్కో అడుగూ వేయించి మంచం మీద కూర్చోబెట్టింది. ఫ్యాను మొహానికి తిప్పింది. తువ్వాలు తడిపి మెడ మీద వేసింది. గ్లాసుడు నీళ్ళలో ఉప్పూ పంచదారా కలిపి గుక్క గుక్కా తాగించింది. ఓపల్ మొహంలో ఎరుపు మెల్లగా దిగింది.

"మా ఆయనది గనిలో రాత్రి డ్యూటీ" అంది కళ్ళు మూసుకుని. "ముగ్గురు పిల్లల్ని పెట్టుకుని పగలంతా ఇల్లు గుసగుసల్లోనే నడిపాను. ఎవరూ కావాలని చెయ్యరు తల్లీ. అలవాటు ఉండదు, అంతే."

"పడుకోండి."

"ఒక్క నిమిషం నడుం వాలుస్తాను. నువ్వు చూస్తుండు, బస్సు టైముకి లేపు." ఆ మాట పూర్తి కాకముందే ఆవిడకి గురక పట్టింది.

లోరీన్ తలుపు దగ్గరగా వేసి బయటికి వచ్చి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. కింద ఇత్తడి గిన్నె, నిన్న ఓపల్ వదిలివెళ్ళిన గోనెసంచీలో ఇంకా సగం కాయలూ ఉన్నాయి. ఊరికే కూర్చోలేక ఒకటి తీసి విరిచింది. ఎండ మోకాళ్ళ మీదికి పాకింది. డెలనీ పక్కన గోడకి ఆనుకుని కూర్చుంది. కంకర మీద అడుగుల చప్పుడైంది. గిటారు చర్చివాళ్ళావిడ ఒకతె, చేతిలో కాగితాల కట్టతో, చిరునవ్వుతో వచ్చింది.

"ఈ గదిలో వాళ్ళున్నారా?" అంటూ తలుపు మీదికి చెయ్యి ఎత్తింది.

లోరీన్ ఆ మణికట్టు పట్టుకుంది. గట్టిగా కాదు. "కొట్టకండి. నిద్రపోతోంది."

"ఓహో." ఆవిడ కుర్చీనీ, కాయల గిన్నెనీ, లోరీన్ చేతినీ మార్చి మార్చి చూసింది. "మీరు ముందే వచ్చేశారన్నమాట. మీది ఏ చర్చి?"

లోరీన్ ఆవిడ మణికట్టు వదిలింది. "మెల్లగా మాట్లాడండి" అంది. ఆవిడ తల ఊపి, మునివేళ్ళ మీద పక్క గదికి నడిచింది.

కాసేపటికి చర్చి బండి వేగంగా వచ్చి అడ్డదిడ్డంగా ఆగింది. ట్రెంట్ ఒక్కడే దిగాడు. బనియను వెనక్కి అతుక్కుపోయింది, ఆ నవ్వు మొహాన లేదు.

"సిస్టర్ ఓపల్ ఇక్కడున్నారా? ఇంట్లో ఫోను ఎత్తట్లేదు. పక్కింటివాళ్ళు బస్సెక్కిందని చెప్పారు. దారంతా రోడ్డు పక్కన చూసుకుంటూ వస్తున్నాను, ఎక్కడైనా…"

లోరీన్ వేలు పెదవుల మీద పెట్టింది. తలతో తలుపు వైపు చూపించింది. "లోపల పడుకుంది. ఎండదెబ్బ. ఇప్పుడు బాగానే ఉంది."

అతను తలుపు దాకా వచ్చి, తెరవబోయి, ఆమె మొహం చూసి ఆగాడు. సందులోంచి గురక వినిపించింది. అతని భుజాలు దిగాయి. "నేను తీసుకెళ్తాను. లేపండి."

"లేపను."

"లోరీన్‌గారూ, నాలుగింటికి డీకన్ల మీటింగుంది. నేను లేకపోతే ఈ పని మొత్తం ఆపేస్తారు."

"అయితే వెళ్ళండి. నేనున్నాగా."

అతను బండి వైపు చూశాడు, ఫోను తీసి చూశాడు. ఆమె మణికట్టు మీద కాలిన మచ్చ ఎండలో మెరుస్తోంది. ఈసారి అతని కళ్ళు అక్కడే ఆగాయి, కిందికి వాలిపోయాయి. ఫోను జేబులో పెట్టుకుని, గుమ్మం పక్కన సిమెంటు మీద కూర్చున్నాడు. కాసేపు చేతులేం చేసుకోవాలో తెలియనట్టు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. తరవాత సంచీలోంచి గుప్పెడు కాయలు తీసుకున్నాడు. చూడకుండానే కొన విరిచి, ఈనెని తెగకుండా ఆ చివరిదాకా లాగాడు.

"మా నానమ్మ దగ్గర" అన్నాడు, ఆమె అడక్కుండానే.

"మెల్లగా" అంది లోరీన్.

ముగ్గురూ విరుస్తూ కూర్చున్నారు. రోడ్డు మీద లారీలు పోతున్నాయి. డెలనీ ఒక కాయ నోట్లో పెట్టుకుని నమిలి, తల్లి చెవి దగ్గరికి వంగింది.

"ఎంతసేపమ్మా ఇలా?"

"ఆవిడ లేచేదాకా."